వినని తొమ్మిది నిమిషాలు

అక్టోబరు 5, ఆదివారం

ఫోను చచ్చిపోయింది. నేనేమీ చెయ్యలేదు.

కోపంతో అక్షరాలు కూడా కుదురుగా రావడం లేదు. రొయ్యల మేత కంపెనీ వాళ్లు మా ల్యాబుకు ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా ఒక రొయ్య బొమ్మ. అది కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టుంది ఈ పూట.

వారం రోజులుగా ఒకటే వేధింపు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎక్కించుకోండి, మీ అనుభవం మెరుగవుతుంది అని. నా అనుభవం సంగతి వాళ్లకెందుకు? నేను అడిగానా? పొద్దున చర్చికి బయల్దేరుతుంటే మళ్లీ వచ్చింది. 'ఇప్పుడే' అన్నదాని మీద వేలు తగిలింది. తగిలింది, అంతే.

ఇంటికొచ్చి సంచిలోంచి తీస్తే తెర మీద కంపెనీ పేరు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అంతకు మించి ముందుకు కదలదు. ఛార్జింగు పెట్టాను, తీశాను, తిట్టాను. మా ఆయన అన్నం తింటూ తింటూ అడిగాడు.

"అప్‌డేట్ అయ్యేటప్పుడు ఏమన్నా చేసినావా మే?"

"నేనేం చెయ్యలా!"

"సరేలే, అరవబాక. పోతే పోయిందిలే, నంబర్లే గదా."

నంబర్లేనట! బెన్హర్‌కి ఐసు ఫ్యాక్టరీ తప్ప ఇంకేమీ పట్టదు. ఆ ఫోనులో అబిగయీలు పంపిన మెసేజి ఉంది. అది నేనింకా వినలేదు.

అక్టోబరు 6, సోమవారం

ల్యాబులో నరకం. రైతులు కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్లు తెచ్చి ఇచ్చి పోతారు, ఉప్పెంత, అమ్మోనియా ఎంత అని నేను పరీక్ష చేసి వాట్సాప్‌లో పంపాలి. ఈరోజు అన్నీ కాగితం మీద రాసి, అనూష ఫోను నుంచి పంపించాను. చెంచురామయ్య గారనే రైతు ల్యాబుకు ఫోను చేసి, రిపోర్టు ఎవరో కొత్తమ్మాయి పంపింది, నమ్మొచ్చా అని అడిగారట. అనూష నా పక్క బెంచీ మీద మూడేళ్లుగా పనిచేస్తోంది. కొత్తమ్మాయేమిటి!

మధ్యాహ్నం ఆ పిల్ల అడిగింది, "ఏందక్కా, ఫోన్ పోతే ఇంత కోపమా?" అని. రిపోర్టులు పోయాయి కదా అన్నాను.

రిపోర్టులు కాదు. ఇక్కడ రాసుకుంటే ఎవరికి నష్టం?

అమ్మ పక్షవాతంతో పదకొండు నెలలు మా ఇంట్లో మంచం మీద ఉంది. ఎత్తింది నేను, దించింది నేను, దుప్పట్లు ఉతికింది నేను, ముద్ద కలిపి పెట్టింది నేను. మా చెల్లెలు అబిగయీలు తడ దగ్గర బూట్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు, ఒంటరి మనిషి. నెలకొక ఆదివారం వచ్చి, అమ్మకు తల దువ్వి జడ వేసి, సాయంత్రం బస్సుకు పోయేది. అమ్మ పోయాక చర్చి వాళ్లు పెట్టిన ఆదరణ కూడికలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. పదకొండు నిమిషాలు! నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. అమ్మ జుట్టు ఎంత మెత్తగా ఉండేదో, ఆఖరిసారి జడ వేస్తుంటే తన చెయ్యి ఎలా పట్టుకుందో చెప్పింది. జనం కళ్లు తుడుచుకున్నారు. అంత సాక్ష్యంలోనూ నా పేరు ఒక్కసారి రాలేదు. కూడిక అయ్యాక నేను టీ గ్లాసులు అందిస్తుంటే, "మీ చెల్లెలు ఎంత సేవ చేసిందమ్మా, ధన్యురాలు" అని నాతోనే అన్నారు. నా చేతిలో టీ తీసుకుని, నాతోనే!

రెండేళ్లు దాటింది. ఆమెతో మాట్లాడలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. ఈ సంవత్సరం మార్చిలో వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజి పంపింది. తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు. మనం వింటే, పంపినవాళ్ల ఫోనులో మైకు బొమ్మ నీలం రంగులోకి మారుతుందని అనూష ఒకసారి చెప్పింది. ఇంకేం కావాలి! ఏడు నెలలుగా తడలో ఆ మైకు నీలం కాలేదు. విననంతకాలం పైచేయి నాది. రోజూ ఒకసారి తెరిచేదాన్ని, మెసేజి మీద కనపడే ఆ గొంతు గీతల్ని చూసేదాన్ని, మూసేసేదాన్ని.

ఇప్పుడు చూసుకోవడానికి ఆ గీతలు కూడా లేవు.

అక్టోబరు 7, మంగళవారం

"అబీనే అడగరాదా మే," అన్నాడు బెన్హర్. "నీ ఫోన్లో పోతే ఆమె ఫోన్లో ఉంటాది గదా ఆ మెసేజి."

ఎంత తేలిగ్గా అన్నాడు! పోయి అడగాలట. "అమ్మా అబిగయీలూ, నువ్వు ఏం సెలవిచ్చావో మళ్లీ ఒకసారి వినిపించు తల్లీ" అని చేతులు కట్టుకుని నిలబడాలి కాబోలు. నేనెందుకు అడగాలి?

అక్టోబరు 8, బుధవారం

సెలవు పెట్టి నెల్లూరు పోయాను. ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు. లోపల చలి, బయట టోకెను. రెండు గంటలు కూర్చోబెట్టి, నా నంబరు వచ్చేసరికి భోజనాల టైము అన్నారు. కౌంటర్లో అమ్మాయి నా మొహం చూడకుండానే "ఏం జరిగింది మేడం?" అంది.

"ఏం జరగలా. దానంతట అదే ఆగిపోయింది."

"మీరేం ప్రెస్ చెయ్యలేదా?"

"నేనెందుకు చేస్తానమ్మా!"

అలాగే రాసుకుంది. కింద సంతకం పెట్టమంది. లోపల ఉన్నదంతా పోయినా అభ్యంతరం లేదట. నాకు ఒళ్లు మండింది. ఫోను నాది, పాడు చేసింది వాళ్ల సాఫ్ట్‌వేరు, పోతే అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టాలా? పెట్టనన్నాను. అయితే తెరిచి చూడటం వరకే చేస్తాం, శనివారం రండి అంది.

అక్టోబరు 11, శనివారం

బోర్డు పోయిందట! అప్‌డేట్ మధ్యలో ఎవరూ ఏమీ చెయ్యకుండా ఆగిపోయిందంటే బోర్డే పోయినట్టట. మొత్తం మార్చాలి, పాతవేవీ రావు అన్నారు. "బ్యాకప్ పెట్టుకోలేదా మేడం?" అని, నేనేదో పసిపిల్లకు పాలు పట్టడం మరిచిపోయినట్టు చూసింది ఆ అమ్మాయి.

ఫోను లాక్కుని వచ్చేశాను. మెట్ల దగ్గర చెప్పులు కూడా ఎవరో మార్చుకుపోయారు. ఎడమది నాది కాదు.

అక్టోబరు 12, ఆదివారం

చర్చిలో పరంజ్యోతి అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపారు. వెనక వరసలో ఎవరిదో ఫోను మోగింది. "కెజియమ్మగారిని చూసి నేర్చుకోండయ్యా, ఆమె ఈరోజు సంచిలో ఫోనే తేలేదు!" అన్నారు. అందరూ తిరిగి చూశారు. నేను తల వంచుకున్నాను. ఎవరో ఆమేన్ అన్నారు.

నేను కూడా అన్నాను.

అక్టోబరు 13, సోమవారం

నిద్ర సరిగా లేదు. ఆ మెసేజిలో ఏం చెప్పి ఉంటుంది? క్షమాపణ అయితే తొమ్మిది నిమిషాలెందుకు, ఒక్క ముక్క చాలు. కాబట్టి క్షమాపణ కాదు. అమ్మ ట్రంకు పెట్టె అడిగి ఉంటుంది. లేకపోతే మళ్లీ జడ గురించి.

అసలు ఆమె పొగరు నాకు తెలియదా? ఈస్టరు రోజు అందరూ సమాధుల దగ్గరకు వచ్చారు, ఈమె రాలేదు. కన్నతల్లి సమాధి! ఒక పువ్వు పెట్టడానికి తీరిక లేదట. మే నెలలో బుచ్చిరెడ్డిపాలెంలో పెళ్లికి వచ్చింది. ఎండాకాలంలో నిండా శాలువా కప్పుకుని, ఆ చివర కుర్చీలో అతిథిలా కూర్చుంది. ఏమీ తినలేదు. అంత దూరం నుంచి నన్ను చూసి వందనం పెట్టింది, ఒక్క చేత్తో. అక్కకు ఒక్క చేత్తో వందనం! రెండో చెయ్యి ఎత్తితే అరిగిపోతుందా? నేను మొహం తిప్పుకున్నాను. తప్పా?

అక్టోబరు 15, బుధవారం

నేనే నొక్కాను.

అక్టోబరు 16, గురువారం

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధన. ఆ రోజు వాకిట్లో నిలబడి ఫోన్లు ఆపించడం నా పని, స్త్రీల సమాజం సెక్రటరీని కాబట్టి. సైలెంటు కుదరదు, పూర్తిగా ఆపెయ్యాలి. ఈ నియమం పెట్టించింది కూడా నేనే. కమిటీలో పోట్లాడి మరీ పెట్టించాను. క్రితం నెల ఆస్పత్రి నుంచి కాల్ రావాలమ్మా అని బతిమాలిన టైటస్‌ని కూడా వదల్లేదు. నా ఫోను ఆపడం మాత్రం నాకే గుర్తు రాలేదు.

రొట్టె విరిచి చేతుల్లో పెట్టారు. అందరూ తలలు వంచారు. ఊపిరి వినపడేంత నిశ్శబ్దం. నా సంచిలో వెలుగొచ్చింది, ఆ వెంటనే ఫోను ఆగి తెరుచుకునే పాట మొదలైంది, ట్రింగుమని. ముందు వరసలో! అప్‌డేట్ సగంలో ఉంది, ఫోను ఆపవద్దు అని తెర మీద ఎర్రగా రాసి ఉంది. చదివాను. చదివే నొక్కాను. ఒక చేతిలో రొట్టె పట్టుకుని, రెండో చెయ్యి సంచిలో పెట్టి, పక్క బటన్లు రెండూ కలిపి, అది చచ్చేదాకా నొక్కి పట్టుకున్నాను. తరవాత రొట్టె తిన్నాను.

ఎవరూ చూడలేదు. పది రోజులుగా కనపడ్డవాళ్లందరికీ అబద్ధం చెప్పి, సర్వీస్ సెంటరు కాగితంలో కూడా రాయించాను. ఆ నియమం లేకపోయుంటే ఏ గొడవా లేదు. అది పెట్టింది నేనే అయినా సరే, అయ్యగారన్నా వద్దని ఉండాల్సింది కదా!

అక్టోబరు 18, శనివారం

ఐసు ఫ్యాక్టరీలో ఎవరో చెప్పారని బెన్హర్ నన్ను నెల్లూరులో ఒక మేడ మీది షాపుకు తీసుకుపోయాడు. గది మంచమంత ఉంది. పెంచలకృష్ణ అని, నలభై ఏళ్ల మనిషి, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. టోకెను లేదు, సంతకం లేదు. ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను చూశాడు.

"ఏం చేసినారక్కా?"

"ఏం చెయ్యలా. దానంతట అదే..."

ఫోను బల్ల మీద పెట్టేశాడు. "అట్టయితే బోర్డే. నేను చేసేది గూడా ఏం లేదు. దానంతట అది ఆగితే ఒక మందు, మనం ఆపితే ఇంకో మందు. ఏదో చెప్పాల మీరు. తప్పు మందేస్తే ఉండేది గూడా పోతాది."

బెన్హర్ పక్కనే ఉన్నాడు.

"నేనే ఆపినా నాయనా," అన్నాను. "బటన్లు రెండూ పట్టుకుని నొక్కినా. చర్చిలో. అందరూ వింటారని."

బెన్హర్ నా వైపు తిరిగాడు. పెంచలకృష్ణ మాత్రం పగలబడి నవ్వాడు.

"ఇది చెప్పడానికా అంత ఇది! మొన్న ఒకాయన స్నానం చేస్తా చేస్తా బకెట్లో వేసినాడు, ఆయన గూడా ఇంత ఇదై పోలా. బోర్డుకేం కాలేదక్కా. సాఫ్ట్‌వేరు సగంలో నిలబడిపోయింది, అంతే. లోపలుండేవి చెరపకుండా పైపైన మళ్లా ఎక్కిస్తా. మంగళవారం రండి. దేవుడు దయ చూస్తే అన్నీ ఉంటాయి."

దిగేటప్పుడు మెట్ల మీద బెన్హర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "పదమూడు రోజులు నన్ను తిట్టినావు గదే," అన్నాడు. తిట్టాను. ఒప్పుకుంటున్నాను.

అక్టోబరు 21, మంగళవారం

ఫోను బతికింది.

అన్నీ ఉన్నాయి. రిపోర్టులు, అమ్మ ఫొటోలు, స్త్రీల సమాజం లిస్టు. ఆ మెసేజి కూడా ఉంది. తొమ్మిది నిమిషాల పన్నెండు సెకన్లు. దిగాలుగా ఉన్న ఆ గీతలు అలాగే ఉన్నాయి.

వినలేదు. ఇన్నాళ్లు ఆగినదాన్ని, ఇప్పుడు తొందరెందుకు? ఉందని తెలిస్తే చాలు.

అక్టోబరు 23, గురువారం

ఒకటే వాన. చెరువు గట్లు తెగుతాయని రైతుల భయం. ల్యాబుకు సీసాలు రాలేదు. ఖాళీగా కూర్చుని నాలుగుసార్లు తెరిచాను, నాలుగుసార్లు మూశాను.

వినేదాన్నే కాకపోతే, పోయిందని అంత ఎందుకు ఏడ్చానో!

అక్టోబరు 25, శనివారం

సాయంత్రం ల్యాబులో ఎవరూ లేనప్పుడు విన్నాను. ఫోనును ఇక నమ్మను, అందుకని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. మధ్యమధ్యలో చాలాసేపు మాట లేదు. ఏదో బస్సు ఆగి ఉన్న చప్పుడు. మాటలు ఇవి.

"అక్కా, నేను అబీని. ఫోన్ చేస్తే ఎత్తవు గదా, అందుకే ఇట్టా. అడ్డం పడబాక, విను. అమ్మ కూడికలో నీ పేరు నేను చెప్పలా. చెప్దామనే లేచినా అక్కా. నీ పేరు తీస్తే, నువ్వు చేసిందంతా చెప్పాల. చెప్తే, నేనేం చెయ్యలేదని అందరికీ తెలిసిపోతాది. భయమేసింది. పదకొండు నెలలు నువ్వు ఎత్తినావు, దించినావు. నేను నెలకొక పూట వచ్చి జడేసి పోయినా. ఆ జడ ఒక్కటే ఉండింది నా దగ్గిర చెప్పుకోడానికి. దాన్నే సాగదీసి చెప్పినా.

"ఇంకోటి. ఎవురికీ చెప్పలా. ఎడమ పక్క రొమ్ములో గడ్డ ఉండాదన్నారు. ఏప్రిల్ ఏడో తారీకు చెన్నైలో తీస్తారు. తీసినాక గానీ అది మంచిదో చెడ్డదో తెలీదంట. నువ్వు రావాల అక్కా. వచ్చి ఏం చెయ్యబళ్లా. మాట్లాడకపోయినా పర్లా, కోపంగానే ఉండు. అమ్మ దగ్గిర కూర్చున్నట్టు నా మంచం దగ్గిర కూర్చో, అంతే. కళ్లు తెరిస్తే నువ్వు కనపడాల."

తరవాత బస్సు కదిలింది. ఏడుపో, దగ్గో తెలియలేదు.

ఈ డైరీలోనే వెనక్కి తిప్పి చూశాను. మార్చి 14: 'అబిగయీలు తొమ్మిది నిమిషాల మెసేజి పంపింది. విననుగాక వినను.' ఏప్రిల్ 7: 'సీసాలు పద్నాలుగు. తలనొప్పి. పెందలాడే పడుకున్నాను.'

ఒక్క చెయ్యే ఎత్తింది పెళ్లిలో. ఎడమది లేవలేదు.

అక్టోబరు 26, ఆదివారం

చర్చికి పోలేదు. చీకటితోనే బెన్హర్ బండి మీద నెల్లూరు బస్టాండులో దింపాడు. "నేను గూడా రానా?" అన్నాడు. వద్దన్నాను.

బస్సు ఎక్కిన దగ్గర నుంచి కోపమే. రాదా మరి? అంత పెద్ద సంగతి నోటితో చెప్పి వదిలేస్తుందా ఎవరైనా? నేను విననని తెలుసు కదా! ఆపరేషన్ అని ఒక్క ముక్క టైపు చేసి ఉంటే పరిగెత్తుకుని పోయేదాన్ని. బెన్హర్‌కి ఫోను చెయ్యొచ్చు, అయ్యగారికి చెయ్యొచ్చు, పెళ్లిలోనైనా నా కుర్చీ దగ్గరకు వచ్చి చెప్పొచ్చు. ఇవన్నీ అడగాలి. నిలదీసి అడగడానికే పోతున్నాను, ఇంకెందుకూ కాదు. నాయుడుపేట దాటేదాకా వరసగా అన్నీ కూర్చుకున్నాను. సూళ్లూరుపేట దగ్గర బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. పక్క సీటులో ఒక తమిళావిడ నీళ్ల సీసా ఇచ్చింది.

తడలో దిగి, ఎవరెవరినో అడిగి, ఆ ఇల్లు పట్టుకునేసరికి తొమ్మిదిన్నర. రేకుల వసారా, ఒక గది. తలుపు తీసే ఉంది. లోపల అబిగయీలు తువ్వాలు ఆరేస్తోంది. కుడి చేత్తో తీగ మీద వేసి, ఎడమ చెయ్యి భుజం దాకా ఎత్తి, అక్కడ ఆగి, మళ్లీ కుడి చేత్తోనే సర్దుకుంటోంది. చిక్కిపోయింది. నన్ను చూసింది.

పోయి ఆ తువ్వాలు సరిగా ఆరేశాను.

"గడ్డ మంచిదేనన్నారులే," అంది తనే ముందుగా. "చెయ్యి లేవడానికి టైము పడతాదంట."

"ఎవురుండినారు నీ దగ్గిర?" అన్నాను.

"మా లైనులో పనిచేసే పిల్ల, తమిళమ్మాయి. రెండు దినాలుండింది." తీగ మీది తువ్వాలు అంచు సవరించింది. "కళ్లు తెరిచినప్పుడు ఆ పిల్లే ఉండింది."

తిట్టడానికి ఈసారి కంపెనీ వాడు లేడు, కౌంటర్లో అమ్మాయి లేదు, బెన్హర్ లేడు.

ఆమె రెండు పళ్లాలు తీసి కింద పెట్టింది. అన్నం అప్పుడే దించినట్టుంది, ఆవిరి వస్తోంది. చేపల పులుసు. నేను వాకిట్లో నిలబడి పేరుపెట్టి కూడా పిలవకముందే, రెండు పళ్లాలు, రెండు గ్లాసుల నీళ్లు.

"నేనొస్తానని నీకెవురు చెప్పినారు? ఆయన ఫోన్ చేసినాడా?"

"ఎవురూ చెప్పలా." పులుసు వడ్డిస్తూ తల ఎత్తకుండా అంది. "ఏడు నెలలుగా పొద్దునా సాయంత్రం తెరిచి చూస్తానే ఉన్నా అక్కా. నిన్న సాయంత్రం మైకు నీలమయింది. పొద్దున బస్సుకి వచ్చేస్తావని, ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోసినా."